పస్తాపూరు వీడియో చిత్రములు : తెఱవెనుక పని



తోలుబొమ్మలాట చూచువారి కన్నులు తెఱమీదనే నిలుచును. వెనుక దీపము పెట్టినవాడెవ్వడో, బొమ్మ నాడించు చేయి యెవరిదో, గొంతు మార్చి రెండు పాత్రలకు మాట పలుకుచున్నవాడెవ్వడో చూచువారు తలపరు. లంకాదహనము జరుగుచుండగా పుల్లల లెక్కయు దారముల లెక్కయు ఎవరికి కావలెను? ఆట రాత్రికి అది తగియేయున్నది. కాని తెఱమీది బొమ్మ రావణుని కథను విడిచి మన యూరి కథను, మన చేల కథను, మన యింటి స్త్రీల కథను చెప్ప మొదలిడినప్పుడు, ఆ చేయి యెవరిదని విచారింపక తప్పదు.

నేటి కాలమున అట్టి బొమ్మ వీడియో. పెండ్లికి వీడియో, జాతరకు వీడియో, పంట నష్టమునకు వీడియో, పంచాయతి తగవునకు వీడియో. ఒకప్పుడు పట్టణమునుండి పెట్టెలతో దిగవలసిన కెమేరా నేడు ప్రతి యువకుని సెల్‌ఫోనులో ఇమిడియున్నది. చూచుట పెరిగినది. చూచినదానిని గూర్చి విచారించుట అంత పెరిగినదని చెప్పజాలము. అందుచేత ఈ చిత్రములు తెఱవెనుక ఏ విధముగ తయారగునో కొంత మనవి చేయదలచితిని.

దానికి ఉదాహరణముగా సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు చేరువనున్న పస్తాపూరు గ్రామమున వెలసిన ఒక వీడియో సంస్థను గ్రహించుచున్నాను. నగరములలో గొప్ప స్టూడియోలు ఉండగా దీనినే యేల గ్రహించితినందురా? ఇచ్చట కెమేరా చేతబట్టినవారు పొలము పనులతో జీవించు దళిత స్త్రీలు. వారిలో పలువురు బడి మెట్టెక్కినవారు కారు. అక్షరములు నేర్పుటయే వృత్తిగా బ్రదికిన నావంటివానికి ఇది తీఱికగా ఆలోచింపదగిన విషయము. పదిమంది తగవులు విని తీర్పు చెప్పు పెద్దలైన మీకును ఇందు పని కలదు. ఏలయనగా, సాక్ష్యమును తూచుట మీకు క్రొత్త పని కాదు.

మొదట ఆ చోటును గూర్చి నాలుగు మాటలు. జహీరాబాదు ప్రాంతము మెట్టభూమి. వానకు ఎదురుచూచు సేద్యము. జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, పెసర మొదలగు పైరులను ఒక్క చేనిలోనే కలిపి పండించుట అచ్చటి పూర్వాచారము. 1983వ సంవత్సరమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ అచ్చట పని యారంభించెను. ఊరూర పేద స్త్రీలు, అందును ముఖ్యముగా దళిత స్త్రీలు, సంఘములుగా కూడిరి. బీడుపడిన నేలను సాగులోనికి దెచ్చుట, పాత విత్తనములను కాపాడుట, మఱచిపోవుచున్న చిరుధాన్యములను తిరిగి కంచములోనికి దెచ్చుట వారి పనులు. 2019వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించెను.

సంస్థను నెలకొల్పినవారిలో పి. వి. సతీష్ గారు ముఖ్యులు. వారు 1945వ సంవత్సరమున మైసూరులో జన్మించిరి. దూరదర్శనమున కార్యక్రమ నిర్మాతగా పెక్కేండ్లు పనిచేసిరి. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు మన దేశమున ఒక గొప్ప ప్రయోగము జరిగినది. అమెరికావారి ఉపగ్రహము ఒకటి ఆకాశమున నిలిచి, ఆంధ్రప్రదేశముతో గూడ ఆఱు రాష్ట్రములలో ఇంచుమించు 2,400 గ్రామములకు టెలివిజను బొమ్మలను అందించెను. ఆ ప్రయోగమున పనిచేసినవారిలో సతీష్ గారును ఒకరు. అప్పుడు బొమ్మ నగరమున పుట్టి, ఆకాశమున కెక్కి, పల్లెలో దిగినది. పల్లెటూరివాడు చూచువాడు మాత్రమే. చూపువారు వేఱు. ఈ వరుసను త్రిప్పివేయుటయే పస్తాపూరులో తరువాత జరిగిన పని. 1990 దశకపు చివరి భాగమున సంఘస్త్రీలు కొందఱు వీడియో పని నేర్చిరి. 2001వ సంవత్సరమున వారి పనికి కమ్యూనిటీ మీడియా ట్రస్టు అను సంస్థ యేర్పడెను. సతీష్ గారు 2023 మార్చి 19వ తేదీన కీర్తిశేషులైరి.

ఆ స్త్రీలు హుమ్నాపూర్ లక్ష్మమ్మ, ఇప్పపల్లి మొల్లమ్మ, ఎడులపల్లి మంజుల అని పిలువబడుదురు. ఇంటిపేరు ఉండవలసిన చోట ఊరిపేరు నిలిచియున్నది. ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొనుడు. దీనితో ముందు పని కలదు.

ఇక పని యొక్క స్వరూపము. వీడియో పట్టుట యనగా మీట నొక్కుటయే యని కొందఱనుకొందురు. కలము పట్టినంతనే కావ్యము వచ్చునా? మన దేశపు టెలివిజను పద్ధతిలో కెమేరా ఒక్క సెకనులో ఇరువదియైదు నిలుకడ బొమ్మలను పట్టును. కన్ను వానిని వేఱుచేయజాలక ఒకే కదలికగా గ్రహించును. ఇంతవఱకు యంత్రము పని. మిగిలినదంతయు మనుష్యుని పని.

ఆ మిగిలినదానిలో మొదటిది వెలుగు. ప్రొద్దుటి యెండ వన్నె వేఱు, నడిమింటి యెండ వన్నె వేఱు, ఇంటిలోని దీపపు వన్నె వేఱు. మన కన్ను తనంతట తానే సవరించుకొనును గనుక ఆ భేదము మనకు తెలియదు. కెమేరాకు మాత్రము ముందుగా ఒక తెల్లని కాగితమునో బట్టనో చూపి, ‘ఈ వెలుగులో తెలుపు ఇది’ యని చెప్పవలెను. చెప్పనిచో మనుష్యుల ముఖములు నీలముగనో పచ్చగనో కనబడును. నడిమింటి యెండలో ముఖమును పట్టినచో కనుగుంటలు నల్లని గోతులవలె నుండును. ప్రొద్దుటి వేళయు సాయంకాలమును ముఖమునకు మేలు. ఇరుకు గుడిసెలోనైనచో తలుపు దగ్గఱ కూర్చుండబెట్టి, వాకిటి వెలుగు ఒక చెంపపై పడునట్లు చూడవలెను.

రెండవది ధ్వని. బొమ్మ కొంచెము మసకయైనను చూచువాడు ఓర్చుకొనును. మాట వినబడకున్నచో లేచిపోవును. మైకులో గాలి దూఱినచో సముద్రఘోషవలె నుండును. ప్రక్కయింటి రోకటిపోటు, గాలిపంకా రొద, మాటలాడు నామె చేతి గాజులు, ఇవన్నియు మాటను మ్రింగును. అందుచేత చెవులకు వినికిడి గొట్టములు తగిలించుకొని, కెమేరా వినుచున్నదేదియో తానును వినుచుండవలెను. మన చెవి కావలసినదానిని ఏఱుకొని వినును. మైకునకు ఏఱుకొనుట తెలియదు.

మూడవదియే అన్నిటికంటె కష్టమైనది. ఎప్పుడు, ఎచ్చట, దేనిని చూడవలెనను ఎఱుక. ఒక ఉదాహరణము చెప్పెదను. పల్లెలో విత్తనములు దాచు విధానమును చిత్రముగా తీయవలెననుకొందము. పట్టణమునుండి వచ్చినవాడు ఏమి తీయును? ముసలమ్మ ముఖము, ఆమె నవ్వు, మట్టి గోడ, గోడమీది ముగ్గు, ఈతబుట్ట. అవి అన్నియు చూచుటకు బాగుండును. చూచి వెళ్లినవానికి విత్తనము దాచుట మాత్రము రాదు.

అదే పనిని ఏటేట చేతులార చేసిన స్త్రీ కెమేరా పట్టినచో ఆమె కన్ను వేఱుచోట్లకు పోవును. చేనిలో నూఱు కంకులుండగా ఒకదానివద్ద ముసలమ్మ చేయి ఎందుకు ఆగెనో ఆమెకు తెలియును. ఆ వ్రేళ్లను దగ్గఱగా పట్టును. ఎండిన గింజ దాచుటకు తగినదో కాదో తెలిసికొనుటకు ముసలమ్మ దానిని పంట కొఱికి చూచునని ఆమెకు ముందే తెలియును. గింజ పంటికి చేరకముందే మైకు ఆ దరి చేరియుండును. పటుక్కుమన్న చప్పుడు చిత్రములో పడును. ఆ చప్పుడే పాఠము. బూడిద ఎంత, వేపాకు ఎంత, బుట్టమూతి మెత్తిన మట్టి ఎంత చిక్కన, ఇవన్నియు మాటతో చెప్పినచో పుట గడచును. చేతిని చూపినచో క్షణము చాలును. పని తెలిసినవాని కన్ను పనికి ఒక అడుగు ముందుండును. తెలియనివాని కన్ను ఒక అడుగు వెనుకబడును. జరిగిపోయినదానిని ‘మరల చేయుమమ్మా’ యని వాడు అడుగవలసివచ్చును. మరల చేసినది పని కాదు, వేషము.

నాలుగవది ఎత్తు. దీనిని గూర్చి పస్తాపూరు స్త్రీలు చెప్పిన మాట లోకమున చాలమంది చదువరులను ఆకర్షించినది. కెమేరాను పైనుండి క్రిందికి వంచి పట్టినచో బొమ్మలోని మనిషి చిన్నగా, దీనముగా కనబడును. క్రిందినుండి పైకెత్తి పట్టినచో పెద్దగా, అధికారిగా కనబడును. చలనచిత్ర శాస్త్రమున ఈ పట్టులకు ఇంగ్లీషు పేర్లున్నవి. ఈ స్త్రీలు వానిని వల్లెవేయక తమ బ్రదుకులోనుండి పేర్లు తీసికొనిరి. అరుగుపై కూర్చున్న పటేలును, క్రింద నిలిచిన జీతగానిని తలపునకు దెచ్చు పేర్లను ఆ రెండు పట్టులకు పెట్టిరి. చూపు చూపునకు సమముగా, చూచువారి కన్నును చూడబడువారి కన్నును ఒక్క యెత్తున నుండునట్లు పట్టు పట్టునకు ‘సంఘం షాట్’ అని పేరిడిరి. ఏలయనగా, సంఘములో అందఱును ఒకే చాపమీద కూర్చుందురు.

అయ్యా, ఈ మాటను నేను వ్యాకరణము చెప్పినవానివలె విచారించి చూచితిని. పారిభాషికపదము అనగా ఇట్లుండవలెను. అర్థము పేరులోనే యున్నది. ఎందుకు పట్టవలెనో, పట్టినచో ఏమగునో, ఎప్పుడు పట్టరాదో పేరు వినగానే తెలియుచున్నది. పుస్తకము తెఱువక సంజ్ఞాప్రకరణము వ్రాసినవారు వీరు. ముసలివాడు నేలపై కూర్చుండి మాటలాడుచున్నప్పుడు తీయువాడు నిలుచుండి తీసినచో అతడెంత గొప్ప మాట చెప్పినను ఫిర్యాదువలె వినబడును. తీయువాడు తానును నేలపై కూర్చున్నచో అదే మాట సలహావలె వినబడును. మాట మాఱలేదు, మనిషి మాఱలేదు. మూడడుగుల యెత్తు తగ్గినది, అంతే.

ఇక అయిదవది కూర్పు. పట్టినదంతయు చూపరు. గంటల కొలది పట్టిన తునకలనుండి నిమిషముల చిత్రము వచ్చును. ఏ తునక ఉంచవలెను, ఏది తీసివేయవలెను, దేని తరువాత దేనిని అతుకవలెననునదే కూర్పు. వాక్యమునందు పదములు అర్థము నిచ్చుటకు మూడు కావలెనని మన తార్కికులు చెప్పుదురు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆవు, గుఱ్ఱము, మనిషి, ఏనుగు అని వరుసగా పలికినంతమాత్రమున వాక్యము కాదు. ఒకదానికి ఒకటి కావలసియుండవలెను. అది ఆకాంక్ష. నిప్పుతో తడుపుమనినచో పొసగదు. పొసగుట యోగ్యత. ఒక పదము ప్రొద్దున, మఱియొకటి సాయంకాలము పలికినచో కలియవు. చేరువనుండుట సన్నిధి.

వీడియో కూర్పునకు ఈ మూడును అక్షరాల సరిపోవును. ఒక స్త్రీ తలయెత్తి దేనినో చూచినట్లు చూపినచో, ఆమె చూచినదేదియో తరువాత చూపవలెను. అది ఆకాంక్ష. నాగలి ఎడమనుండి కుడికి పోవుచుండగా తరువాతి తునకలో కుడినుండి ఎడమకు పోయినచో ఎద్దులు వెనుదిరిగినవని చూచువాడు భ్రమించును. అందుచేత తీయువారు ఎద్దులకు ఒక ప్రక్కనే నిలిచి తీయవలెను. అది యోగ్యత. ప్రశ్న ఒకచోట, జవాబు పదినిమిషముల తరువాత వచ్చినచో రెండును చచ్చును. అది సన్నిధి.

కాని శబ్దశాస్త్రములో లేని అపాయమొకటి ఇందు కలదు. వాక్యమున పదములను మార్చినచో చదువువాడు పట్టుకొనును. చిత్రమున తునకలను మార్చినచో చూచువాడు పట్టుకొనలేడు. ఎండిన చేనును చూపి, వెంటనే నవ్వుచున్న ఉద్యోగిని చూపినచో, ఆయన కఱవును చూచి నవ్వినట్లగును. ఆ నవ్వు మఱియొక దినమున తన మనుమనిని చూచి నవ్వినది కావచ్చును. రెండు తునకలును నిజమే. అతుకు మాత్రము అబద్ధము. ఈ అబద్ధమునకు కర్త కెమేరా కాదు, కత్తెర పట్టిన చేయి. అది తెఱమీద ఎన్నడును కనబడదు.

ఇచ్చట అసలు ప్రశ్న వచ్చుచున్నది. వీడియో ఏ ప్రమాణము? ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని న్యాయశాస్త్రమున ప్రమాణములు నాలుగు. కంట చూచితిమి గనుక వీడియో ప్రత్యక్షమని లోకము నమ్ముచున్నది. ‘వీడియో ఉన్నది, ఇంకేమి సాక్ష్యము కావలెను?’ అని పంచాయతిలో పలుకువారిని మీరును వినియుందురు. నా మనవి యేమనగా, వీడియో ప్రత్యక్షమువలె కనబడు శబ్దము. ఇంద్రియమునకును వస్తువునకును నేరుగా స్పర్శ కలిగినప్పుడు ప్రత్యక్షము. వీడియోలో మన కంటికి తగిలినది చేను కాదు, చేనును గూర్చి మఱియొకరు చెప్పిన మాట. మాటకు బదులు బొమ్మలతో చెప్పిరి. ఎచ్చట నిలువవలెనో వారు నిర్ణయించిరి, ఎంత యెత్తున పట్టవలెనో వారు నిర్ణయించిరి, ఏది కోసివేయవలెనో వారు నిర్ణయించిరి. కనుక దానిని శబ్దమును పరీక్షించినట్లు పరీక్షింపవలెను. శబ్దమునకు బలము ఆప్తునివలన వచ్చును. చెప్పినవాడు ఆప్తుడా కాడా?

ఆప్తుడెవ్వడు? వస్తువును స్వయముగా ఎఱిగినవాడు, ఎఱిగినదానిని ఎఱిగినట్లే చెప్పగోరువాడు. న్యాయసూత్రములకు భాష్యము వ్రాసిన వాత్స్యాయనుడు ఇచ్చట ఒక గొప్ప మాట చెప్పినాడు. ఈ లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమేనని. అనగా ఆప్తత్వము పుట్టుకవలన రాదు, పాండిత్యమువలన రాదు. విషయమును ఎఱిగి నిజము చెప్పువాడెవ్వడో వాడే ఆప్తుడు. ఇంతటి మాట మన శాస్త్రములోనే యుండగా, విత్తనమును గూర్చి పండితుని సాక్ష్యమునకు పీట వేసి, ఏటేట విత్తనము దాచిన దళిత స్త్రీ మాటను గుమ్మము బయట నిలువబెట్టుట మన శాస్త్రమునకే విరుద్ధము. ఇది నేను సంఘసంస్కర్తగా చెప్పుచున్న మాట కాదు, తర్కము చదివినవానిగా చెప్పుచున్నాను.

ఇంటిపేరు చోట ఊరిపేరు నిలిచినదని మొదట మనవి చేసితిని గదా. ఇప్పుడు దాని ప్రయోజనము చూడుడు. పట్టణమునుండి వచ్చి చిత్రము తీసినవాడు తప్పు చెప్పినను మరల ఆ యూరి వాకిట కనబడవలసిన పని లేదు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ తన ప్రాంతమును గూర్చి తప్పు చెప్పినచో ఆ చుట్టుపట్ల సంతలో, సంఘములో, పెండ్లిలో జవాబు చెప్పవలెను. ఊరు పేరుననే యున్నది, దాగుటకు చోటు లేదు. ఆప్తత్వమునకు ఇది యొక కాపుదల.

ఈ పరీక్షకు నిలువవలసిన పని ఒకటి వారికి తటస్థించినది. 2002వ సంవత్సరపు మార్చిలో బీటీ ప్రత్తిని వ్యాపారసేద్యము చేయుటకు మన దేశమున అనుమతి దొరికెను. ఆ మొదటి పంటకాలమున ఈ స్త్రీలు కెమేరాలతో వరంగల్లు జిల్లా రైతుల చేలకు పోయి, పంట నడచిన కాలమంతయు రైతుల మాటలను పట్టిరి. 2003లో ఆ రైతులు ఆ విత్తనముపై ఏల కోపించిరో చెప్పు చిత్రము వెలువడినది. 2005లో మూడేండ్ల అనుభవమును చెప్పు చిత్రము వెలువడినది. అటుపిమ్మట ఇతర దేశములలోని ప్రత్తి రైతుల మాటలను గూడ తెచ్చి 2007లో మఱియొకటి తీసిరి.

ఇందు మనము ఏమి గ్రహింపవలెను? విత్తన వ్యాపారుల వాదము వీరి వాదమునకు విరుద్ధము. శాస్త్రజ్ఞులలోను అభిప్రాయభేదములు కలవు. తరువాతి యేండ్లలో దేశమునందలి ప్రత్తి సేద్యము అత్యధిక భాగము ఆ విధమైన విత్తనముతోనే సాగినది. సొసైటీవారు ఆ తగవులో తటస్థులు కారు, ఒక పక్షమున నిలిచినవారు. కొందఱు రైతుల ముఖములను చూచి జిల్లా యంతటి లెక్క చెప్పరాదు. ఇవన్నియు మధ్యస్థుడైనవాడు తూచవలసినవే. అయినను ఒక గుణమును ఒప్పుకొనవలెను. పంట చచ్చిన దినమున వచ్చి, ఏడ్చువాని ముఖమును పట్టుకొని పోవు పద్ధతి కాదిది. పంటతో గూడ నడచిన చూపు. ఒక్కనాటి బొమ్మకును, పంటకాలపు బొమ్మకును గల భేదము, దారిన పోవువాని సాక్ష్యమునకును ఇరుగుపొరుగువాని సాక్ష్యమునకును గల భేదమువంటిది.

ఈ సంస్థకు తోబుట్టువైన రేడియోను గూర్చియు ఒక మాట. 1995 ఫిబ్రవరిలో మన దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఆకాశతరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పెను. యునెస్కో సహాయముతో మాచునూరు గ్రామమున రేడియో గది ముందే సిద్ధమైనను ప్రసారమునకు అనుమతి రాలేదు. ఆ సంవత్సరములలో స్త్రీలు కార్యక్రమములను టేపులపై పట్టి, సంఘముల కూటములలో వినిపించుచు కాలము గడపిరి. స్వచ్ఛంద సంస్థలకు రేడియో నడుపు వీలు 2006లో కలిగినది. 2008 అక్టోబరు 15వ తేదీన 90.4 మెగాహెర్ట్సులపై సంఘం రేడియో మాటలాడ మొదలిడెను. ఆ 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన పి. బి. సావంత్ గారే దానిని ప్రారంభించిరి. గొంతు సిద్ధమై, మాట సిద్ధమై, గాలి కొఱకు కాచియుండిన కథ అది.

ఇంత విన్న పిమ్మట మీలో ఒక సందేహము కలుగవచ్చును. అక్షరము రానివారు చిత్రములతోనే ఎఱుకను నిలుపుకొనగలుగుచున్నచో ఇక అక్షరముతో పనియేమి? ఈ ప్రశ్న నన్నే అడిగినట్లు భావించి జవాబు చెప్పుచున్నాను. చిత్రము అక్షరమునకు సవతి కాదు. చేతి పనిని అక్షరము చెప్పలేదు. గింజ కొఱికిన చప్పుడును ఏ లిపిలో వ్రాయుదుము? కాని ఆ గింజ ఏ జొన్నదో, ఆ చేయి ఎవరిదో, ఆ దినమేదో, ఆ యూరేదో బొమ్మ తనంతట చెప్పజాలదు. అట్ట మీద పేరు లేని టేపు మూగది. తీసినవారు పోయిన పిమ్మట అది యెవరి మాటయో చెప్పువారు లేరు. పైగా టేపు మీది పూత ఏండ్లు గడచినకొలది చెడును, తేమకు బూజు పట్టును. దానిని పాడు యంత్రమే దొరకని కాలము వచ్చును. సెల్‌ఫోనులోని చిత్రమునకు ఆయువు ఇంకను తక్కువ. ఫోను నీట పడినచో తాత మాట గూడ నీట పడును. తాటాకు గ్రంథములను పురుగు తినకుండ మన పెద్దలు మరల మరల ఎత్తి వ్రాసికొనిరి గదా. ఈ చిత్రములకును ఆ కాపుదలయే కావలెను. ఒకచోటినుండి మఱియొకచోటికి ఎత్తి దాచుట, పట్టిక వ్రాయుట, ఇవి అక్షరము తెలిసినవారి పనులు.

కావున గ్రామపెద్దలారా, మీకు నా విన్నపములు మూడు.

మీ యూరికి ఎవరైన వీడియో తీయుటకు వచ్చినచో త్రోసిపుచ్చకుడు, మురిసిపోకుడు. ఎన్ని దినములుందురు? ఎవరిని అడుగుదురు? తీసినదానిని, అందులో కనబడినవారికి ముందుగా చూపుదురా? అని అడుగుడు. చూపుదుమన్నవానికి చాప వేయుడు. వారు ముసలివాని యెదుట నిలుచుండి తీయుచున్నచో ‘కూర్చుండి తీయుము నాయనా’ యని చెప్పుడు. ఆ మాట చెప్పుటకు చిత్రశాస్త్రము చదువ నక్కఱలేదు.

ఎవరైన ఒక వీడియోను తెచ్చి సాక్ష్యమని మీ యెదుట పెట్టినచో, పట్టినవాడెవ్వడని మొదట అడుగుడు. దీనికి ముందు ఏమి జరిగెను, తరువాత ఏమి జరిగెను, నడుమ ఏమైన కోసిరా యని అడుగుడు. ఈ ప్రశ్నలకు జవాబు లేని చిత్రము అనామకుని ఆకాశరామన్న ఉత్తరముతో సమానము. ఆకాశరామన్న ఉత్తరమును బట్టి మనము ఎవరినైన శిక్షించుచున్నామా?

మూడవది అన్నిటికంటె అత్యవసరము. మీ యూరిలో విత్తనము దాచ నేర్చిన ముసలమ్మ, చెఱువు తూము లెక్క తెలిసిన నీరటికాడు, మంత్రసాని, మగ్గముపై పాత అంచులు నేయగల వృద్ధుడు ఉన్నచో, మీ మనుమని చేతి ఫోనును వారి యెదుట పెట్టించుడు. కెమేరా వారి కంటి యెత్తున నుండవలెను. వారు పని చేయుచు మాటలాడవలెను. వారి భాషలోనే మాటలాడనిండు, దిద్దకుడు. ఆ ప్రక్కనే మీరు ఒక నోటుపుస్తకము పట్టుకొని కూర్చుండి, వారి పేరు, ఊరు, తేదీ, వారు చెప్పిన మాటలలో మీకు క్రొత్తవైన పదములు వ్రాసికొనుడు. మనుమడు బొమ్మ పట్టును, మీరు అక్షరము పట్టుదురు, ముసలమ్మ విద్యను పట్టి యిచ్చును. ముగ్గురును ఒకే చాపమీద కూర్చున్నచో, పస్తాపూరు స్త్రీలు పేరు పెట్టిన ఆ సమదృష్టి మీ యింటి వాకిటనే నిలుచును.

ఆలస్యము చేయకుడు. కెమేరాలు ఇంకను చౌకయగును. ముసలమ్మలు మరల పుట్టరు.